ఉష్ణ సమీకరణం కోడ్ ఆప్షన్ ధరకు వాడితే ఎందుకు పేలుతోంది? క్రాంక్-నికల్సన్‌లో గామా ఎందుకు ఊగుతోంది?

మీరు అడిగింది ఇది: ఉక్కు కడ్డీలో వేడి పాకడానికి రాసిన ఎక్స్‌ప్లిసిట్ కోడ్ (పాత స్టెప్ విలువల నుంచి కొత్తవి నేరుగా లెక్కించేది) చక్కగా నడిచింది. అదే కోడ్‌ను ఆప్షన్ (షేరును ముందే ఖాయం చేసిన ధరకు కొనే లేదా అమ్మే హక్కు) ధర కట్టే బ్లాక్-షోల్స్ సమీకరణానికి మార్చి గ్రిడ్‌ను సన్నం చేయగానే ధరలు కోట్లలోకి పోయాయి. పాత, కొత్త స్టెప్పుల సగటు తీసుకునే క్రాంక్-నికల్సన్ పద్ధతికి మారితే పేలడం ఆగింది కానీ గామా (షేరు ధరను బట్టి ఆప్షన్ ధరకు రెండో అవకలజం) రంపపు పళ్లలా వస్తోంది, గ్రిడ్ సన్నం చేస్తే ఇంకా పాడవుతోంది. ఫైనాన్స్ తెలియకపోవడం వల్లే ఇలా అవుతోందా అన్నది మీ అనుమానం.

కాదు. ఈ రెండు తిప్పలూ విసరణ (డిఫ్యూజన్) సమీకరణంతో పాటే వస్తాయి. అది కడ్డీలో ఉన్నా, నేల కింది నీటిలో ఉన్నా, ఆప్షన్ ధరలో ఉన్నా వాటి తీరు మారదు.

ముందు పేలడం సంగతి. విసరణ గుణకాన్ని టైమ్ స్టెప్‌తో గుణించి, గ్రిడ్ దూరం వర్గంతో భాగించండి. వచ్చిన సంఖ్యను లాంబ్డా అందాం. మెకానికల్ వాళ్లు దీన్నే ఫోరియర్ నంబర్ అంటారు. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో ఒక దిశలో అయితే ఇది 1/2 దాటకూడదు. సమాన గ్రిడ్ మీద రెండు దిశల్లో అయితే 1/4, మూడు దిశల్లో అయితే 1/6. ఉక్కుకు విసరణ గుణకం సెకనుకు సుమారు 0.000012 చదరపు మీటర్లు. గ్రిడ్ దూరం 1 సెంటీమీటరైతే టైమ్ స్టెప్ సుమారు 4.17 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, అర సెంటీమీటరైతే 1.04 సెకన్లే. మీ కడ్డీ కోడ్‌లో స్టెప్ 1 సెకను ఉండి ఉంటే ఈ హద్దు ఎన్నడూ మీ కంటపడి ఉండదు.

బ్లాక్-షోల్స్‌లో తేడా ఏమిటంటే విసరణ గుణకం స్థిరంగా ఉండదు. అది వొలటిలిటీ (షేరు ధర ఏడాదిలో ఎంత ఊగుతుందన్న కొలత) వర్గాన్ని షేరు ధర వర్గంతో గుణించి సగం చేసినంత. అంటే గ్రిడ్ పై కొసన చాలా పెద్దది. ధర 0 నుంచి 300 దాకా, గ్రిడ్ దూరం 1, వొలటిలిటీ 20% అనుకోండి. పై కొసన 0.04 ను 90,000 తో గుణిస్తే 3,600. ఏడాది ఆప్షన్‌కు కనీసం అన్ని స్టెప్పులు కావాలి. వడ్డీ రేటు పదం కూడా వికర్ణంలో, అంటే ఆ బిందువు సొంత గుణకంలో, కలుస్తుంది కాబట్టి 3,601 పెట్టండి. గ్రిడ్ దూరం 0.5 కు తగ్గిస్తే 14,400 పైచిలుకు స్టెప్పులు, మొత్తం పని 8 రెట్లు. మీరు గ్రిడ్‌ను సన్నం చేసి స్టెప్పుల సంఖ్య పాతదే ఉంచారు, అందుకే పేలింది. స్ట్రైక్ (ఆప్షన్‌లో ఖాయం చేసిన ధర) దగ్గర చూసి హద్దు లెక్కించడం కూడా మామూలుగా జరిగే పొరపాటే. లెక్క ఎప్పుడూ పై కొసన కట్టాలి. చలరాశిని ధర లాగరిథమ్‌కి మార్చితే గుణకం అంతటా ఒకటే అవుతుంది, ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

పేలుడు అంతా హద్దు వల్లే అని తేల్చేసే ముందు ఒక పరీక్ష చేయండి. టైమ్ స్టెప్‌ను హద్దు కంటే బాగా కిందికి తెస్తే పేలడం ఆగిందా? ఆగితే సమస్య స్థిరత్వానిదే. ఎంత తగ్గించినా ఆగకపోతే, గ్రిడ్ సన్నం చేసేకొద్దీ ఇంకా త్వరగా పేలితే, మీరు కాలాన్ని తప్పు దిశలో నడుపుతున్నారు. ఆప్షన్‌కు తెలిసినది ఎక్స్‌పైరీ (గడువు తీరే రోజు) నాటి విలువ. కనుక అక్కణ్ణుంచి ఇవాళ్టికి వెనక్కి రావాలి. ఎక్స్‌పైరీకి మిగిలిన కాలాన్ని చలరాశిగా తీసుకుంటేనే అది మామూలు ఉష్ణ సమీకరణంలా ముందుకు నడుస్తుంది. ఒక్క గుర్తు తారుమారైతే వేడిని వెనక్కి నడిపినట్టే, దాన్ని ఏ స్కీమూ కాపాడలేదు.

ఇక గామా. 1947 లో జాన్ క్రాంక్, ఫిల్లిస్ నికల్సన్ ఉష్ణ ప్రసారం కోసమే ఈ పద్ధతి ఇచ్చారు. దీనికి స్థిరత్వ హద్దు లేదు, కాలంలోనూ దూరంలోనూ రెండో ఆర్డర్ కచ్చితత్వం (స్టెప్ సగం చేస్తే దోషం నాలుగో వంతు అవడం) ఉంది. కానీ "పేలదు" అంటే "ఊగదు" అని కాదు. గ్రిడ్ మీద అతి సన్నని అలను, అంటే ఒక బిందువు పైకి పక్కది కిందికి ఉండే అలను, ఈ పద్ధతి ఒక్కో స్టెప్‌లో (1 − 2 లాంబ్డా)/(1 + 2 లాంబ్డా) తో గుణిస్తుంది. లాంబ్డా పెద్దదైతే అది −1 దగ్గరికి పోతుంది. అల చావదు, గుర్తు మార్చుకుంటూ బతుకుతుంది. పై ఉదాహరణలోనే స్ట్రైక్ 100, ఏడాదికి 20 స్టెప్పులు పెడితే, స్ట్రైక్ దగ్గర లాంబ్డా 10. గుణకం −19/21. 20 స్టెప్పుల తర్వాత కూడా సుమారు 13.5% మిగిలే ఉంటుంది. స్టెప్పులు అలాగే ఉంచి గ్రిడ్ దూరం 0.25 చేస్తే లాంబ్డా 160, మిగిలేది దాదాపు 88%. గ్రిడ్ సన్నం చేస్తే గామా ఇంకా పాడైందని మీరు రాసింది ఇందుకే. ఈ అల పుట్టేది స్ట్రైక్ దగ్గర ఎక్స్‌పైరీ నాటి చెల్లింపు రేఖలో ఉన్న మలుపు నుంచి. ధరలో అది కంటికి ఆనదు. గామా రెండో అవకలజం, గ్రిడ్ దూరం వర్గంతో భాగిస్తాం కాబట్టి అక్కడ బయటపడుతుంది. వేడిగా ఉన్న కడ్డీ కొసను ఒక్కసారిగా మంచులో పెట్టినట్టు సీమా విలువ (అంచు దగ్గరి విలువ) హఠాత్తుగా మార్చితే మీ ఉష్ణ కోడ్‌లోనూ ఇదే కనిపిస్తుంది, చేసి చూడండి.

మందు తేలికే. దాన్ని రానాకర్ పేరుతో పిలుస్తారు. మొదటి 2 క్రాంక్-నికల్సన్ స్టెప్పుల స్థానంలో 4 అర స్టెప్పులు పూర్తి ఇంప్లిసిట్ ఆయిలర్‌తో (కొత్త స్టెప్ విలువలతోనే సమీకరణం కట్టే పద్ధతితో) వేయండి. ఆయిలర్ గుణకం 1/(1 + 4 లాంబ్డా). అర స్టెప్‌కు లాంబ్డా 5 కాబట్టి ఒక్కోటి 1/21. నాలుగు కలిస్తే అల దాదాపు రెండు లక్షలో వంతుకు పడిపోతుంది. తర్వాత మామూలుగా క్రాంక్-నికల్సన్. రెండో ఆర్డర్ కచ్చితత్వం పోదు. మొత్తం ఆయిలర్‌తోనే నడిపితే ఊగదు కానీ కాలంలో మొదటి ఆర్డర్‌కే పరిమితమవుతారు, నేనైతే అలా చేయమనను. దీంతో పాటు స్ట్రైక్ ఎప్పుడూ గ్రిడ్ బిందువు మీదో, సరిగ్గా రెండు బిందువుల నడుమో పడేలా చూడండి. గ్రిడ్ మార్చిన ప్రతిసారీ అది వేరే చోట పడితే దోషం క్రమం లేకుండా గెంతుతుంది.

క్రాంక్-నికల్సన్, ఆయిలర్ రెండిట్లోనూ ప్రతి స్టెప్‌లో సమీకరణాల మాతృకను సాధించాలి; దానికి పూర్తి విలోమం కట్టకండి. మూడు వికర్ణాల మాతృకకు థామస్ పద్ధతి చాలు, 300 బిందువులకు స్టెప్‌కు రెండున్నర వేల లెక్కలు. పూర్తి మాతృకగా సాధిస్తే కోటీ 80 లక్షల దాకా. పైథాన్ లైబ్రరీ సైపైలో బ్యాండెడ్ సాల్వర్ వాడితే పై వికర్ణం వరుసలో మొదటి గడి ఖాళీ, కింది వికర్ణం వరుసలో చివరి గడి ఖాళీ ఉండాలి. ఇది తారుమారైతే ఎర్రర్ రాదు, జవాబు కాస్త తప్పుగా వస్తుంది. నేను చూసిన కోడ్‌లలో అన్నిటికంటే ఆలస్యంగా దొరికే దోషం ఇదే.

సరిచూడడానికి గ్రాఫ్ నునుపుగా ఉంటే చాలదు. షేరు 100, స్ట్రైక్ 100, వడ్డీ 5%, వొలటిలిటీ 20%, ఏడాది: యూరోపియన్ కాల్ (ఎక్స్‌పైరీ రోజునే వాడగల, కొనే హక్కు) ధర 10.4506, డెల్టా (షేరు ధరతో ఆప్షన్ ధర మారే రేటు) 0.6368, గామా 0.01876. నిఫ్టీ ఆప్షన్లూ యూరోపియన్ తరహావే కనుక ఈ పరీక్ష మీకు నేరుగా పనికొస్తుంది. గ్రిడ్ దూరం, టైమ్ స్టెప్ రెండూ సగం చేయండి. దోషం నాలుగో వంతుకు రావాలి. సగానికే వస్తే ఎక్కడో మొదటి ఆర్డర్ దూరింది, ఎక్కువసార్లు అది సీమా నియమంలో ఉంటుంది. పై కొసన కాల్ విలువ షేరు ధరలోంచి స్ట్రైక్ వర్తమాన విలువ తీసేసినంత, ఉత్త స్ట్రైక్ కాదు. తర్వాత పై కొసను 600 కు పెంచి, గ్రిడ్ దూరం మార్చకుండా నడపండి. ధర కదిలితే 300 చాలలేదన్నమాట. 20% వొలటిలిటీకి సరిపోయే గ్రిడ్ 60% కు, రెండేళ్లకు సరిపోదు.

ఒక్క మాట అర్థశాస్త్రం వైపు వెళ్లాలనుకునే వారికి. కుటుంబాల పొదుపు, సంపద పంపిణీ నమూనాల్లో సంపద దిశలో విసరణే ఉండదు, ప్రవాహం మాత్రమే. అక్కడ మధ్య భేదం (రెండు పక్కల బిందువుల నుంచి వాలు కట్టడం) పనికిరాదు. ద్రవ ప్రవాహాల ఇంజినీర్లు వాడే అప్‌విండ్ కావాలి: పొదుపు ధనాత్మకమైన చోట ముందు భేదం, రుణాత్మకమైన చోట వెనక భేదం. 2022 లో అచ్దూ, హాన్, లాస్రీ, లయన్స్, మోల్ ప్రచురించిన పద్ధతి ఇదే. అక్కడ విలువ ప్రమేయానికి (వాల్యూ ఫంక్షన్‌కు) కట్టిన మాతృకను తిప్పి రాస్తే (ట్రాన్స్‌పోజ్ చేస్తే) పంపిణీ సమీకరణం వచ్చేస్తుంది. సాధించే ముందు ఆ మాతృకలో ప్రతి అడ్డు వరుస మొత్తం సున్నా అవుతుందో లేదో ప్రింట్ చేసి చూడండి. ఏదో ఒక వరుస, ముఖ్యంగా రుణ పరిమితి దగ్గరి మొదటి వరుస, సున్నా కాకపోతే మీ నమూనాలో జనాభా కారిపోతున్నట్టే.