వినేవాళ్ళ చెవికెక్కేలా రాయి

పర్లాకిమిడి

చెల్లెమ్మకు వందనాలు.

ఈస్టరుకు ముందు నలభై రోజులూ ఇళ్ళల్లో రోజుకొకటి చదవడానికి నువ్వు రాసిన శ్రమకాల ధ్యానాలు అందాయి. ముందు లెక్క సరిచెయ్యి. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. నువ్వు ఆదివారాలూ కలిపి వరసగా వేసుకుపోయావు. 2027లో ఫిబ్రవరి 10న మొదలెడితే నీ నలభయ్యో ధ్యానం మార్చి 21న, మట్టల ఆదివారం నాడే అయిపోతుంది. గుడ్ ఫ్రైడే 26న. సరిగ్గా శ్రమల వారానికే చదవడానికేం మిగల్లేదు! ఆదివారాలకు ఒక కీర్తన సంఖ్య ఇచ్చి వదిలెయ్యి, ఆ రోజు గుడిలో ప్రసంగం ఎలాగూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఒడిశాలో గుణుపురం, రాయగడ, జయపురం వైపు చాలా ఇళ్ళల్లో మాట తెలుగు, పిల్లల చదువు ఒడియా. పుస్తకం ఏ అమ్మమ్మ చేతిలోనో ఉంటుంది, మిగతావాళ్ళు వింటారు. అందుకని రాసింది గట్టిగా చదువు. మధ్యలో ఊపిరి ఆడకపోతే ఆ వాక్యాన్ని రెండు చెయ్యి. 250 మాటలు దాటనీకు. అధ్యాయం, వచనం మొదట్లోనే చెప్పు, ఒడియా బైబిలు పట్టుకున్న పిల్లాడూ తీసుకుంటాడు. యేసు, పేతురు ఇద్దరూ ఉన్నచోట ‘ఆయన’, ‘అతడు’ అని పోకుండా పేర్లే మళ్ళీ చెప్పు.

బైబిలు భాషలోకి జారిపోతున్నావు. ‘దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము’ అని 51వ కీర్తన చదివిన వెంటనే నువ్వూ ‘ఈ దినమున మనము పరిశుద్ధపరచబడుదుము గాక’ అంటే కీర్తన ఎక్కడ ఆగిందో, నువ్వెక్కడ అందుకున్నావో వినేవాళ్ళకు తెలీదు. నీ వంతు రాగానే ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు.

యేసును ఎరగనని శిష్యుడు పేతురు బొంకిన రాత్రి మీద నీ ధ్యానం బాగుంది గానీ నాలుగు సువార్తలూ కలగలిపావు. ప్రభువు తిరిగి పేతురు వైపు చూడడం లూకా 22:61లోనే ఉంది. పైన మత్తయి 26 వేసి ఆ చూపు గురించి రాస్తే, బైబిలు విప్పుకున్నవాళ్ళు వెతుక్కుంటారు. చలిమంట కావాలా, యోహాను 18:18 పట్టుకో. గ్రీకులో అక్కడున్నది బొగ్గుల నిప్పు. కొత్త నిబంధనలో ఆ మాట మళ్ళీ వచ్చేది ఒక్క యోహాను 21:9లోనే, ఒడ్డున నిప్పుల మీద చేపలున్నచోట. పేతురు మూడుసార్లు బొంకిన రాత్రి ఉన్నది ఒక నిప్పు, యేసు పేతురును ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగినప్పుడున్నది ఇంకో నిప్పు. కొరాపుట్ కొండల్లో ఫిబ్రవరి చలికి మంట చుట్టూ చేరేవాళ్ళకు దీన్ని విడమరచక్కర్లేదు. రెండో నిప్పును మాత్రం అప్పుడే బయటపెట్టకు, ఈస్టరు పేజీకి దాచు.

ఉపవాసం దగ్గర ‘రోజంతా పస్తుండండి’ అన్న ముక్క కొట్టెయ్యి. షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు, బాలింతలు ఉంటారు. ఒక పూట టీ మాని ఆ డబ్బు కానుకల డబ్బాలో వెయ్యమంటే చాలు.

మొదటి రోజు నొసట బూడిద పెట్టుకొమ్మని రాశావు. కథోలికులు ఆ రోజును విభూది బుధవారం అంటారు, బూడిద పెట్టుకుంటారు. బాప్టిస్టు ఇళ్ళల్లో చాలామందికి ఆ అలవాటు లేదు. బట్టలు కాదు, గుండెలు చింపుకోమనే యోవేలు 2:13 తీసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది.

అన్నట్టు, మార్చిలో ఇప్పపూలు రాలతాయి. చీకటితోనే ఏరడానికి వెళ్ళే ఊళ్ళలో పుస్తకం తెరిచేది దీపాలు పెట్టాకే. ప్రతి పేజీ ‘ఈ ఉదయం’ అని ఎత్తుకోకు.

మిగతావి పంపేటప్పుడు పేతురు ధ్యానం తిరగరాసి అన్నిటికన్నా పైన పెట్టు.

మీ అన్నయ్య