ముందు టైర్లు తినేస్తున్నాయా? ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: పికప్ ముందు టైర్లు 12 వేల కిలోమీటర్లకే ఒక పక్క తినేశాయి. రెండుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా స్టీరింగ్ నిటారుగా నిలవడం లేదు. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సరిగ్గా చేసే చోటు చెప్పమంటున్నారు, ఎన్ని కిలోమీటర్లకోసారి చేయించాలో కూడా అడిగారు.

చోటు పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. నేను చూసినంతలో అన్ని కొట్లలోనూ మిషన్ ఇంచుమించు ఒకటే. మీరు వెళ్లిన రోజు దాని దగ్గర ఎవడు నిలబడ్డాడు, వాడు బండి కిందకి దూరాడా లేదా అన్నదే తేడా. కిందకి దూరకుండా అలైన్‌మెంట్ చేసేవాడి దగ్గరకి నేను ఇక జన్మలో వెళ్లను. ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగు కథ.

నాది సెకండ్ హ్యాండ్ పికప్. ఆరేళ్లుగా రామభద్రపురం మార్కెట్ నుంచి కూరగాయలు వేసుకుని సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని సెమిలిగుడ, కోరాపుట్ వైపు తోలుతున్నాను. ఏ కంపెనీ బండో అనవసరం, తప్పు బండిది కాదు. రెండేళ్ల క్రితం స్టీరింగ్ ఎడమకి వాలడం మొదలైంది. రోడ్డు తిన్నగానే ఉంది, బండి తిన్నగానే పోతోంది, నా చేతిలో చక్రం మాత్రం తాగినోడిలా ఎడమకి ఒరిగి ఉండేది. మొదట్లో పట్టించుకోలేదు. ముందు టైరు మీద అరచేయి పెట్టి రాస్తే ఒక వైపుకి నున్నగా, ఇంకో వైపుకి రంపం పళ్లలా తగిలిన రోజు గుండె జారింది. జత వేసి ఐదు నెలలు కాలేదు. పదమూడు వేలు పోసి కొన్నవి.

టైర్ల కొట్టువాడు చూసి ఒక్కమాటలో తేల్చేశాడు, ఓవర్‌లోడ్ అని. వాళ్లకి పికప్ అనగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. లోడెక్కువైనా, గాలి తక్కువైనా టైరు రెండంచులూ అరుగుతాయి. గాలి ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఇలా రంపంలా ఒక పక్కకి కోసుకుపోవడం టో తేడా వల్ల, అంటే ముందు చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండడం వల్ల వచ్చేది. టైర్లు అమ్ముకునేవాడికి ఆ మాత్రం తెలియదా అంటే తెలుసు. చెబితే ఇంకో జత అమ్ముడుపోదు, అంతే.

విజయనగరంలో ఒక అలైన్‌మెంట్ కొట్టుకి తీసుకెళ్లాను. ఏసీ గది, అద్దం తలుపు, కాఫీ మిషన్. ఒక కుర్రాడు నాలుగు చక్రాలకీ పళ్లేల్లాంటివి తగిలించి, బండిని కొంచెం వెనక్కీ ముందుకీ నెట్టించి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించి, స్క్రీన్ చూసుకుంటూ, స్టీరింగ్ నుంచి ముందు చక్రాలకి వెళ్లే టై రాడ్ తిప్పాడు. ఇరవై నిమిషాల పని. అంతకు ముందు టైర్లలో గాలి చూశాడా? లేదు. ముందు చక్రం జాకీ మీద లేపి ఊపి చూశాడా? అదీ లేదు. కాగితం ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు. అన్నీ ఆకుపచ్చ, కింద ఒక్కటి మాత్రం ఎరుపు. ఇదేమిటి తమ్ముడూ అంటే, “అది వెనకాలదన్నా, వెనకాల మన బండికి అడ్జస్ట్‌మెంట్ ఉండదు, వదిలేయండి” అన్నాడు.

నిజమే, ఉండదు. కమాను పట్టీల మీద కూర్చున్న ఇరుసుకి కారుకి తిప్పినట్టు తిప్పడానికి ఏమీ ఉండదు. మరి అడ్జస్ట్‌మెంటే లేనిది ఎర్రగా ఎందుకయిందిరా అని అడగాలని నాకు తట్టలేదు. వాడికీ తట్టలేదు. ఆ కాగితాన్ని డ్యాష్‌బోర్డు మీద పైడితల్లి అమ్మవారి ఫొటో వెనక దాచుకుని, పని అయిపోయిందనుకుని సంతోషంగా వచ్చేశాను.

వారం తిరక్కుండా స్టీరింగ్ మళ్లీ వాలింది. ఆ నెలలోనే శ్రీకాకుళం లోడు పడితే అక్కడ హైవే పక్కన ఇంకో కొట్టులో చూపించాను. వాడు మరీ గొప్పవాడు. నట్టు విప్పి, స్టీరింగ్ చక్రాన్నే ఊడబెరికి, తిన్నగా పెట్టి బిగించేశాడు. “చూడండి సార్, నిటారుగా వచ్చింది” అన్నాడు. తల వంకరగా ఉంటే టోపీ తిప్పి పెట్టడం అన్నమాట. దానికి మళ్లీ 700. ఇంటికొచ్చాక చూస్తే యూ టర్న్‌లో ఒక వైపు ఎక్కువ తిరుగుతోంది, ఇంకో వైపు తక్కువ. మీ బండికి కూడా ఎవరైనా ఇలా చేశారేమో ముందు కనుక్కోండి. చేసి ఉంటే, ఆ తర్వాత స్టీరింగ్ వాలును బట్టి ఏ లెక్కా కట్టలేరు.

ఇక అసలు సంగతి. వానాకాలం, తెల్లవారుజామున మార్కెట్. రాత్రంతా కురిసి యార్డు ముందు నేలంతా మెత్తటి బురద. బండి పక్కన పెట్టి దిగుతున్నాను. కమీషన్ కొట్టు అరుగు మీద ఒక ముసలాయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. సాలూరు ఆయన. ఒకప్పుడు లారీ మేస్త్రి, ఇప్పుడు అల్లుడి కొట్టు దగ్గర కాలక్షేపం. సాలూరు అంటే ఈ చుట్టుపక్కల లారీలకి పుట్టిల్లు లాంటిది, అందరికీ తెలుసు. (2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. మా ఇంట్లో ఇంకా విజయనగరం జిల్లా సాలూరు అనే అంటాం.)

“ఏటి బావూ, నీ బండి పీతలాగ పక్కకి నడుస్తంది, సూసుకోనేదా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి బురదలో నా టైర్ల గీతలు చూపించాడు. బండి తిన్నగా నడిస్తే వెనక చక్రం గీత ముందు చక్రం గీత మీదే పడాలి. నాకు ఎడమ పక్క వెనక గీత రెండు మూడు వేళ్లు బయటికి పడింది, కుడి పక్క అంతే లోపలికి పడింది. “రెండు పక్కలా బయటికే పడితే వెనక వెడల్పెక్కువ, అది బండి తయారీ. ఓ పక్క బయటికి, ఓ పక్క లోపలికి పడిందంటే హౌసింగ్, అదే వెనక ఇరుసు, తిరిగిపోయింది” అని, బీడీ పారేసి టేపు తెమ్మన్నాడు.

కూరగాయలు ఎక్కిస్తున్నవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. చక్రాలు తిన్నగా పెట్టించి, ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకి ఎడమ పక్క కొలిచాడు, కుడి పక్క కొలిచాడు. ఎడమ పక్క రెండు సెంటీమీటర్లు ఎక్కువ. టేపు చేతిలో పెట్టి నన్నే మళ్లీ కొలవమన్నాడు. కొలిస్తే అదే రెండు సెంటీమీటర్లు. ఆరేళ్లుగా ఈ బండి తోలుతున్నాను, ఒక్కనాడూ అక్కడ టేపు పెట్టి చూడాలని అనుకోలేదు.

లోడు సాలూరు దాకా మెల్లగా తీసుకెళ్లి, ఆయన చెప్పిన షెడ్డులో సరుకు ఇంకో బండికి మార్చి, వెనక పట్టీలు విప్పించాం. ఎడమ పక్క పట్టీల కట్టలో సెంటర్ బోల్ట్ తెగిపోయి ఉంది. ఆ కట్ట ఇరుసు మీద ఎక్కడ కూర్చోవాలో పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టే. అది తెగింది, కట్టని ఇరుసుకి బిగించి పట్టే యూ బోల్ట్‌లు వదులయ్యాయి, ఘాట్‌లో బ్రేకు వేసినప్పుడల్లా, గుంతలో పడినప్పుడల్లా ఇరుసు ఎడమ పక్క కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. వెనక చక్రాలు ఒక దిక్కుకి నెడుతుంటే బండిని తిన్నగా ఉంచడానికి నేను స్టీరింగ్ ఎడమకి పట్టుకుంటున్నాను. మొదటి కొట్టువాడి కాగితం మీద ఎర్రగా పడింది సరిగ్గా ఇదే. దాన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారట. మిషన్ నిజమే చెప్పింది పాపం.

ఎందుకు తెగిందో చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అంతకు నాలుగు నెలల ముందు, ఇంకో నాలుగు బస్తాలు ఎక్కువ వేసుకోవచ్చని, వెనక ఒక పట్టీ అదనంగా వేయించింది నేనే. కొత్తగా బిగించిన యూ బోల్ట్‌ల్ని రెండు లోడ్లు కొట్టాక మళ్లీ బిగించుకోవాలి, లేకపోతే పట్టీలు సర్దుకుని అవి వదులవుతాయి. ఆ పట్టీ వేసినవాడు ఈ మాట చెప్పలేదు, నేను అడగలేదు. టైర్ల కొట్టువాడి ఓవర్‌లోడ్ మాట అలా చుట్టూ తిరిగి నిజమైందని మీరు అంటారేమో. అనుకోండి. వాడు మాత్రం చూసి అన్నది కాదు.

మరి ముందు టైర్లు ఎందుకు తినేశాయి? నాకూ అదే అనుమానం వచ్చి అడిగాను. మేస్త్రి ముందు చక్రం లేపి, రెండు చేతులతో ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపితే టక్కుటక్కుమంది. టై రాడ్ ఎండ్ అరిగిపోయింది. ఊగుతున్న జాయింట్ మీద మిల్లీమీటర్ల లెక్కన టో పెడితే కొట్టు గేటు దాటేదాకా అయినా ఉంటుందా? మొదటి కొట్టు కుర్రాడు దాన్నే తిప్పాడు, రెండోవాడు స్టీరింగ్ ఊడబెరికాడు, ఇద్దరూ ఊపి చూడలేదు.

కొత్త సెంటర్ బోల్ట్, కొత్త యూ బోల్ట్‌లు, టై రాడ్ ఎండ్, కూలీ అన్నీ కలిపి 1,800 అయింది. అందులో సెంటర్ బోల్ట్ వంద రూపాయలు కూడా లేదు. ఆ తర్వాత మేస్త్రి ముందు టైర్ల మీద చుట్టూ చాక్‌పీస్ రాసి, చక్రం తిప్పుతూ మేకుతో సన్నటి గీత గీయించాడు. బండి దింపి, కొంచెం నెట్టి, ఆ గీతల మధ్య దూరం ముందొకసారి వెనకొకసారి కొలిచి టో పెట్టాడు. బండికి రెండు పక్కలా దారం లాగి వెనక నుంచి ముందుకి సరిచూశాడు. నేను నమ్మక మర్నాడు విజయనగరం వెళ్లి మళ్లీ మిషన్ ఎక్కించాను. అంతా ఆకుపచ్చ. కుర్రాడు టై రాడ్ ముట్టుకోలేదు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

ఒక్కటి మిగిలింది. శ్రీకాకుళంలో టోపీ తిప్పి పెట్టాడని చెప్పాను కదా, వెనక సరి అయ్యేసరికి ఇప్పుడు స్టీరింగ్ కుడికి వాలింది! మళ్లీ ఊడదీసి, పాత చోట పెడితే కుదిరింది. షెడ్డులో అందరూ పగలబడి నవ్వారు.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. 5,000 కిలోమీటర్లకోసారి చేయించాలని చెప్పేవాడు 5,000 కిలోమీటర్లకోసారి డబ్బులు పుచ్చుకునేవాడే. కారుకి ఏమో గానీ, మన బండ్లకి కిలోమీటర్ల లెక్క నేను నమ్మను. కొత్త టైర్లు వేసినప్పుడు, పట్టీలు గానీ టై రాడ్ గానీ విప్పినప్పుడు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడినప్పుడు చేయిస్తాను. ఆ స్పీడ్ బ్రేకర్ల గురించి మొదలుపెడితే ఇంకో పేజీ అవుతుంది. ఊరు మొదట ఒకటి, ఊరు చివర ఒకటి, మధ్యలో ఎవరింటి ముందో వాళ్లు సొంతంగా పోసుకున్నది ఒకటి.

కొట్టులోకి వెళ్లే ముందు గాలి మీరే నింపించుకోండి. ముందు చక్రాలు లేపి ఊపమనండి. ఊపనంటే బండి తిప్పుకుని వచ్చేయండి. కాగితంలో వెనక అంకె ఎర్రగా ఉంటే వదిలేయకండి, హబ్ (చక్రం నడిమధ్య) నుంచి హబ్‌కి టేపు మీరే పెట్టండి, ఇద్దరు మనుషులు చాలు. లోడు వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ తేలిపోతోందంటే అది వేరే సంగతి. వెనక కూర్చుండిపోయి ముందు లేస్తోంది, దానికి అలైన్‌మెంట్ చేయించి డబ్బులు తగలేసుకోవద్దు.

నేను మాత్రం ఇప్పటికీ వాన పడితే మార్కెట్‌లో దిగి గీతలు చూసుకుంటాను. తోటి డ్రైవర్లు నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నారు. మేస్త్రి నంబర్ మాత్రం అడగకండి. ఆయన ఫోన్ ఎత్తడు, అల్లుడి కొట్టు దగ్గరకి వెళ్లి బీడీ కట్ట ఇస్తేనే పలుకుతాడు.