రొయ్యల డబ్బు ప్లాంటు దగ్గరే ఉంటే...

ప్రశ్న: నా బాకీదారు మీద 4 లక్షలకు డిక్రీ వచ్చింది. అతని పేర ఆస్తేమీ లేదు. ఈమధ్య చెరువు పట్టి రొయ్యలు అమ్మాడు, కొన్న ప్రాసెసింగ్ ప్లాంటు ఇంకా డబ్బివ్వలేదు. అది నాకు ఇప్పించుకోవచ్చా? లాయరు ఫీజు భరించలేను.
– ఒక పాఠకురాలు, ఉండి

జవాబు: ఇప్పించుకోవచ్చు, కానీ త్వరపడండి. ప్లాంటు అతనికి చెల్లించేశాక జప్తు చేయడానికి ఏమీ ఉండదు. ఈపీ (డిక్రీ అమలు కోరే పిటిషన్) వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 46 కింద ఆ బకాయి జప్తు, 46ఎ కింద ప్లాంటుకు గార్నిషీ నోటీసు (బాకీదారుకు డబ్బివ్వాల్సిన మూడో వ్యక్తికి కోర్టు ఇచ్చే నోటీసు) కోరండి. ప్లాంటు అతనికి బాకీ ఉందని మీరు నమ్ముతున్నట్టు అఫిడవిట్ ఉండాలి. తూకం చీటీ, బిల్లు నకలు దొరికితే జతచేయండి. సంస్థ పేరు, చిరునామా తప్పు పడితే నోటీసు తిరిగొస్తుంది.

నోటీసు అందాక ప్లాంటు డబ్బు కోర్టులో కడితే ఆ మేరకు దాని బాధ్యత తీరుతుంది. కట్టకుండా, హాజరూ కాకుంటే దాని మీదే ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. చిక్కంతా రొయ్యల మేతకు ప్లాంటు ముందే ఇచ్చిన అడ్వాన్సులతోనే: ‘అవి పోను ఇవ్వాల్సింది లేదు’ అని ప్లాంటు వాదిస్తే, 46సి కింద కోర్టు ఆ వివాదాన్ని విచారించి తేల్చాలి. వచ్చే పంట మీద ఆశను మాత్రం ఇలా జప్తు చేయలేరు.

అతను ఉద్యోగి అయితే లెక్క వేరు. జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టరాదు. 31,000లో 10,000 వరకే.

ఫీజు సంగతి: స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది (1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, సెక్షన్ 12). కోర్టులోని మండల న్యాయ సేవల కమిటీలో డిక్రీ నకలుతో దరఖాస్తు ఇవ్వండి.