ఫిల్టర్ అని తెలిసినా బాధ ఎందుకు తగ్గదు?

‘అవన్నీ ఎడిట్ చేసిన ఫొటోలే’ అని ఎంత చెప్పినా మా అమ్మాయి అద్దం ముందు ముఖం చిన్నబుచ్చుకుంటోంది, ఇంకెలా చెప్పాలి అని అడిగారు. చెప్పడం మంచిదే, కానీ ఫొటో కంటబడగానే మనసు పోల్చేసుకుంటుంది. ‘ఇది నిజం కాదు’ అన్న ఆలోచన ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. శరీరాకృతిని సవరించిన వాణిజ్య ఫొటోల మీద ‘సవరించిన ఫొటో’ అని రాసి తీరాలని ఫ్రాన్స్ 2017లో నిబంధన తెచ్చింది. అలాంటి లేబుళ్ల మీద జరిగిన ప్రయోగాల్లో చాలావాటిలో మాత్రం పెద్దగా ఊరట కనిపించలేదు.

పైగా నడుము ఎక్కడ సన్నం చేశారో వెతకమంటే పిల్లలు ఆ నడుమునే ఇంకాసేపు చూస్తారు. ఎడిట్ సంగతి వదిలేసి ఇవి అడగండి: ఇది నీకే ఎందుకు చూపించారు? దీనివల్ల డబ్బు ఎవరికి? చూడకముందు ఎలా ఉన్నావు, ఇప్పుడెలా ఉన్నావు? చివరి ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు.

సెల్ఫీ చూసి తన ముక్కు బాగోలేదని బాధపడుతుంటే ఇది చేయించండి. బ్యూటీ మోడ్ ఆపేసి (కొన్ని ఫోన్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది) 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక ఫొటో, అదే కెమెరాతో టైమర్ పెట్టి మీటరున్నర నుంచి ఇంకో ఫొటో తీయాలి. ముఖం ఒకే సైజులో వచ్చేలా క్రాప్ చేసి పక్కపక్కన పెట్టండి. దగ్గర్నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. తప్పు ముక్కుది కాదు, దూరానిది.

ఫీడ్ (యాప్ తెరవగానే వరసగా వచ్చే పోస్టులు) కూడా మార్చాలి. తిట్టుకుంటూ చూసినా ఆగి చూస్తే యాప్‌కి అది ఇష్టం కిందే లెక్క. అందుకే తిట్టే కామెంటు పెట్టొద్దు. ‘నాట్ ఇంట్రెస్టెడ్’ నొక్కి, బాధపెట్టే అకౌంట్లను మ్యూట్ చేయాలి. ఒక్కసారి నొక్కితే చాలదు, కొన్ని రోజులు వరసగా చేయాలి. సమయం తగ్గించినా ఫలితం ఉంటుంది: కెనడాలో 17–25 ఏళ్లవాళ్లు మూడు వారాలు రోజుకు గంటకు మించకుండా సోషల్ మీడియా వాడితే తమ రూపం మీద అభిప్రాయం మెరుగుపడింది.

మగపిల్లల్ని మర్చిపోకండి. వాళ్లలో చాలామంది బాధని బయటికి చెప్పరు, ప్రొటీన్ పౌడర్ల గురించి అడుగుతారు. వాళ్లు చూసే కండల ఫొటోల్లో కొన్ని వ్యాయామం అయిన వెంటనే, పైనుంచి పడే లైటు కింద తీసినవి కావచ్చు.

తిండి మానేయడం, తిన్నాక వాంతి చేసుకోవడం, ఫొటో అంటేనే దాక్కోవడం కనిపిస్తే మాత్రం ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.