మా ఉప్పునీళ్ల అక్వేరియంలో లెదర్ కోరల్ (తోలులాంటి మెత్తటి పగడం) వారం నుంచి ముడుచుకునే ఉంది, లైటు మార్చాలా?

లైటు ముట్టుకోకండి. ట్యాంకు పెట్టి నాలుగు నెలలైందన్నారు, టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగు ఆకారపు లెదర్ కోరల్) ముడుచుకుని పైన మైనం పూసినట్టు మెరుస్తోందన్నారు, పక్కనున్న జోవాంతిడ్లేమో (గుంపుగా పెరిగే, పువ్వుల్లాంటి పగడం జాతి జీవులు) రోజూ విచ్చుకుంటున్నాయి. అలాంటప్పుడు అది జబ్బు కాదండి, పాము కుబుసం విడిచినట్టు ఆ పగడం పైపొర వదులుతోంది. ఒక్కోసారి నాలుగు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. చేయాల్సిందల్లా పంపు నీటి ప్రవాహం దాని మీదుగా కాస్త పోయేలా తిప్పడమే, ఆ పొర కొట్టుకుపోతుంది. చేత్తో గీకొద్దు. అడుగు మెత్తబడి, నల్లబడి, కుళ్లు వాసన వస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆ భాగం కోసేయాలి.

నేను డాలస్ దగ్గర ఆరేళ్లుగా 40 గాలన్ల ట్యాంకు నడుపుతున్నాను. మొదటి ఏడాది నేను పోగొట్టుకున్న పగడాలన్నీ నీళ్లు మరీ శుభ్రం చేయడం వల్లే పోయాయి. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా చూపిస్తే సంతోషపడేవాణ్ణి. నెల తిరిగేసరికి రాళ్ల మీద బుడగలతో గోధుమరంగు జిగురు పట్టింది, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు అవి, మష్రూమ్‌ పగడాలు బఠాణీ గింజంత అయిపోయాయి, జీనియా అనే మెత్తటి పగడమైతే రాత్రికి రాత్రే కరిగిపోయింది. పొద్దున్నే లేచి చూసినప్పటి ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. మెత్తటి పగడాలకు నీళ్లలో కొంచెం తిండి, అంటే కాస్త నైట్రేట్, ఫాస్ఫేట్ ఉండాలి. ఇప్పుడు నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు), ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉంచుతున్నాను, చేపలకు మేత కడుపునిండా వేస్తున్నాను. ఉప్పు సాంద్రత 1.025, వేడి 25 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) దాని కొలత డీకేహెచ్‌లో 8. ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా అవి తట్టుకుంటాయి కానీ రోజుకో రకంగా మారితే తట్టుకోలేవు. ఆవిరైన నీళ్ల బదులు ఉప్పునీళ్లు పోయకండి, ఉప్పు ఆవిరైపోదు కదా, ఆర్‌ఓ డీఐ (వడపోసి లవణాలన్నీ తీసేసిన) మంచినీళ్లే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలో రాగి ఉంటే పగడాలకు విషం.

రంగుల గురించి అడిగారు. పగడం ఒంట్లో ఉండే నాచే దానికి అన్నం పెడుతుంది, ఆ నాచు గోధుమరంగుది. నీలం వెలుతురులో మెరిసే ఆకుపచ్చ, నారింజ మాత్రం పగడం సొంత ప్రొటీన్లవి. వెలుతురు తక్కువైతే గోధుమరంగు పెరుగుతుంది, ఒక్కసారిగా ఎక్కువైతే నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. అందుకే కొత్త ఎల్‌ఈడీని 30 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. ఎర్ర మష్రూమ్‌లు నీడ పట్టునే బాగుంటాయి.

ఇంకొకటి, లెదర్, కెన్యా ట్రీ లాంటి మెత్తటి పగడాలు పక్కవాటిని అణచడానికి నీళ్లలోకి రసాయనాలు వదులుతాయి. వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి మూడు వారాలకోసారి మార్చండి. గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే, చాపలా పాకే పగడాన్ని ఇసుక మీద విడిగా ఒక రాయికి అంటించండి, పెద్ద రాయి ఎక్కిందంటే ఇక దాన్ని వదిలించలేం.

ఇది మాత్రం దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి చెబుతున్నాను. జోవాంతిడ్లలో, ముఖ్యంగా వాటిలో ఒక రకమైన పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా కోయొద్దు. అవి పట్టిన రాయిని వేడినీళ్లతో కడగొద్దు, ఉడకబెట్టొద్దు, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి.

వచ్చే ఏడాది హైదరాబాద్ వెళ్లిపోతూ వీటిని తీసుకెళ్లొచ్చా అన్నారు. ఆ ఆలోచన మానుకోండి. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే పులి ఉన్న జాబితాలోనే, గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు ఉన్నాయి, మెత్తటి పగడాలకు దగ్గరి చుట్టమైన ఆర్గన్ పైప్ కూడా ఉంది. మిగతావాటినైనా అనుమతుల్లేకుండా సూట్‌కేసులో పెట్టుకెళ్లే వీల్లేదు. మీ ఊళ్లోనే రీఫ్ (పగడాల ట్యాంకు) పెంచేవాళ్లకు ఇచ్చి వెళ్లండి. లెదర్ తల అంచు పదునైన బ్లేడుతో కోసి, ఆ ముక్కను రబ్బరు బ్యాండుతో చిన్న రాయికి కట్టి, నెమ్మదైన ప్రవాహంలో ఉంచితే రెండు మూడు వారాల్లో పట్టుకుంటుంది. కాకపోతే ఇప్పుడు కాదు, అది పొర వదిలి పూర్తిగా విచ్చుకుని ఒక నెలైనా గడిచాక కోయండి.