ఫో పా అంటే ఏమిటి?

నలుగురిలో అక్కడి మర్యాద తెలియక చేసి, తర్వాత నాలుక కరుచుకునే పొరపాటునే ‘ఫో పా’ అంటారు. ఫ్రెంచిలో ‘ఫో’ అంటే తప్పు, ‘పా’ అంటే అడుగు. మన ‘తప్పటడుగు’కి అచ్చంగా జోడీ. నేరమూ కాదు, పాపమూ కాదు. ఎవరూ నోటితో చెప్పని కట్టుబాటు కొత్తవాళ్ళకి తెలియకపోవడమే దీనికి కారణం.

ఫ్రాన్సులో ఎవరింటికో భోజనానికి వెళ్తూ చేమంతులు పట్టుకెళ్ళారనుకోండి. మనకవి పూజకీ జడకీ పనికొచ్చే పూలు. వాళ్ళు నవంబరు 1న, ఆ చుట్టుపక్కల రోజుల్లో, సమాధుల దగ్గర పెట్టేవి. ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే, పాపం. తీసుకున్నవారికే ఏమనాలో తోచదు.

‘faux pas’ అన్న స్పెల్లింగు చూసి చాలామంది ‘ఫాక్స్ పాస్’ అని చదువుతారు. చివరి ఎక్స్, ఎస్ పలకవు. లెక్క తప్పడం, రైలు తప్పిపోవడం ఫో పాలు కావు. మర్యాదకి సంబంధించిన తప్పుకే ఆ మాట.