12345654321 ప్రధాన సంఖ్యేనా? ఎటు చదివినా ఒకేలా ఎందుకు ఉంటుంది?

ప్రధాన సంఖ్య కాదండి. ఇది 111111 కి వర్గం. నేను ఇంటి దగ్గర హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. వర్గమూలాలు మొదలుపెట్టే రోజు బోర్డు మీద రాసే సంఖ్య ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎటు చదివినా ఒకేలా ఎందుకుందో క్యాలిక్యులేటర్‌లో కనిపించదు. కాగితం మీద 111111 ని 111111 తో గుణించండి. ఒక్కో స్థానం ఎడమకు జరుగుతూ ఆరు వరుసల్లో అవే ఒకట్లు పడతాయి. నిలువుగా కూడితే కుడి చివర 1, పక్కన 2, మధ్యకొచ్చేసరికి 6, అక్కణ్ణుంచి మళ్లీ తగ్గుతూ 1. ఏ నిలువు వరుసలోనూ పది రాదు కాబట్టి పక్క స్థానానికి ఏమీ పోదు. తొమ్మిది ఒకట్ల దాకా ఇదే వరస. పది ఒకట్లు తీసుకుంటే మాత్రం మధ్యలో పది పడి, 1234567900987654321 వస్తుంది. ఈ మాట పిల్లలకు ముందే చెప్పను, వేసి చూసి వాళ్లే కనుక్కోవాలి.

111111 = 3×7×11×13×37. అంటే మన సంఖ్యలో ఈ ఐదూ రెండేసి సార్లు ఉంటాయి, మొత్తం భాజకాలు 243. నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. 111111 ని 111×1001 గా రాస్తే, మన సంఖ్య 12321×1002001 అవుతుంది. ఆ రెండూ పాలిండ్రోములే, అంటే ఎటు చదివినా ఒకేలా ఉండేవే! 12321000000, 24642000, 12321 కూడి చూడండి.

అంకెల సంఖ్య సరి అయితే ఆ పాలిండ్రోమ్ తప్పకుండా 11 తో భాగించబడుతుంది. దీంట్లో ఉన్నవి 11 అంకెలు, బేసి. అయినా 11 తో పోతుంది, ఎందుకంటే 111111 లో ఆరు అంకెలున్నాయి. "మరి ఏడు ఒకట్లయితే?" అని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకసారి అడిగింది. చాలా మంచి ప్రశ్న. 1234567654321 ని 11 తో భాగిస్తే 1 మిగులుతుంది.

ఇది ఈనాటి సరదా లెక్క కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో 27994681×441 గా ఈ సంఖ్యనే ఇచ్చాడు. 441 అంటే 21 వర్గం, 27994681 అంటే 5291 వర్గం. 21×5291 ఎంతో వేసి చూస్తే ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిసిపోతుంది. 139×109 = 15151 కూడా ఆ గ్రంథంలోదే. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఈ ఇద్దరి పేర్లూ మన పిల్లలకు లెక్కల క్లాసులోనే తెలియాలని నా పట్టుదల.

మీరు అడగలేదు గానీ, ఈ సంఖ్య పదుల పద్ధతికే పరిమితం కాదు. ఆధారం, అంటే పది బదులు ఎంతెంత చొప్పున స్థానాలు లెక్కిస్తామో ఆ సంఖ్య, 7 గానీ అంతకన్నా పెద్దది గానీ ఏది తీసుకున్నా, 12345654321 అని రాస్తే అది అక్కడి 111111 కి వర్గమే. నిలువు వరుసల్లో 6 కన్నా పెద్దది రాదు కదా.